చౌల్దారీకి ఈతకొలను: ఒక సంవాదం

టీచరు: బాబాయ్, నేనడిగేది ఒలింపిక్ కొలను కాదు. పోటీలు, పతకాలు నా లెక్కలో లేవు. పన్నెండున్నర మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు, మూడడుగుల లోతు. చౌల్దారీ, ఓగ్రాబ్రాజ్, తుష్నాబాద్ బడుల పిల్లలు వంతులవారీగా వచ్చి ఈత నేర్చుకునే చోటు ఒకటి కావాలి. చుట్టూ సముద్రం ఉన్న ఈ అండమాన్ దీవిలో పుట్టిన పిల్ల పదో తరగతి దాటినా నీటిలో పడితే తేలలేకపోతోంది. వ్యాయామ టీచరుగా నేను వాళ్లకు కబడ్డీ నేర్పగలను, ఖోఖో నేర్పగలను. నీళ్లలో పడ్డప్పుడు ఏం చేయాలో మాత్రం నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పాల్సి వస్తోంది.

ఇంజినీరు: నీ బాధ నాకు తెలుసమ్మాయ్. కానీ నేను నీళ్ల పనుల్లో ఉద్యోగం చేసినవాణ్ణి, నాకు ముందు లీటర్లే గుర్తొస్తాయి. మామూలు మున్సిపల్ కొలను పాతిక మీటర్ల పొడవు, పన్నెండున్నర వెడల్పు, సగటు లోతు మీటరూ ముప్పై అయిదు అనుకుంటే నాలుగు లక్షల ఇరవై వేల లీటర్లు. పల్లెలో మనిషికి రోజుకు 55 లీటర్లివ్వాలని జల్ జీవన్ మిషన్ లెక్క. అంటే ఒక్కసారి కొలను నింపితే ఏడున్నర వేల మంది ఒకరోజు నీళ్లు అందులో పోసినట్టు. మన దగ్గర జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆకాశం కేసి చూస్తూ కూర్చుంటాం. ధనీఖాడీ ఆనకట్టలో నీటిమట్టం దిగిపోతే పోర్ట్ బ్లెయిర్ నల్లాలో రెండు మూడు రోజులకొకసారి నీళ్లొస్తాయి. బిందెలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ల ముందు నుంచి కొలనుకు పైపు వేయమంటావా?

టీచరు: మీరు చెప్పింది పెద్ద కొలను లెక్క. నేనడిగిన దానికి వేయండి. అరవై ఏడున్నర వేల లీటర్లు. ఆరోవంతు కూడా లేదు.

ఇంజినీరు: నింపడం ఒక్కసారి. ఎండలో ఆవిరయ్యేది ప్రతిరోజూ.

టీచరు: అదీ వేద్దాం. రోజుకు అయిదు మిల్లీమీటర్లు ఆవిరైతే నా కొలనులో పోయేది 375 లీటర్లు. మీ 55 లీటర్ల లెక్కలోనే ఏడుగురి వాటా. ఫిల్టరు కడగడానికి ఇంకొంచెం కలపండి. మరి ఈ దీవిలో ఏటా మూడు వేల మిల్లీమీటర్ల వాన పడుతుంది కదా? అయిదు వందల చదరపు మీటర్ల బడి కప్పు మీద పడేది పదిహేను లక్షల లీటర్లు. అందులో అయిదోవంతు పోయిందనుకున్నా పన్నెండు లక్షలు. మే నుంచి డిసెంబరు దాకా ఆ నీళ్లన్నీ కాలవ పట్టి సముద్రంలోకి పోతున్నాయి. నేను ఊరి నల్లా నీళ్లు అడగట్లేదు బాబాయ్. కప్పు నీళ్లు అడుగుతున్నాను.

ఇంజినీరు: కప్పు నీళ్లు పట్టే తొట్టి కట్టాలి. ఆ తొట్టి కడితే దాన్ని ముందు వేసవిలో తాగడానికి వాడమంటాను, నీళ్లవాడిగా నేనే అంటాను.

టీచరు: అనండి. ఆ మాట ఎవరితో అంటున్నారో కూడా చూడండి. పోర్ట్ బ్లెయిర్‌కు ధనీఖాడీ చాలక చౌల్దారీలోనూ ఆనకట్ట కట్టారు. మా కొండల మధ్య నిలిచిన వాన నగరానికి ఆసరా అవుతోంది. నగరం తాగకూడదని నేననను, అక్కడున్నదీ మనవాళ్లే. కానీ కొలను మాట రాగానే "నీళ్లెక్కడివి" అని అడగాల్సింది మొదట మమ్మల్ని మాత్రం కాదు.

ఇంజినీరు: అది గట్టి మాటే. కాదనను. అయితే నీళ్లు పక్కన పెట్టి మనుషుల సంగతి చూద్దాం. కొలనులో కనపడేది నీళ్లే గానీ దాన్ని నడిపేది మోటారు. నాలుగైదు గంటలకొకసారి నీళ్లన్నీ ఫిల్టరు గుండా తిరిగి రావాలి. మన కరెంటులో ఎక్కువ భాగం ఇప్పటికీ డీజిలే, ఆ డీజిల్ ఓడలో వస్తుంది. బ్లీచింగ్ పౌడరూ ఓడలోనే వస్తుంది, ఈ ఉక్కకు, ఈ తేమకు సంచిలోనే సత్తువ పోగొట్టుకుంటుంది. పంపు సీలు పోతే చెన్నై నుంచి రావాలి. సముద్రం బాగుండకపోతే ఓడ ఆగుతుంది, నీ కొలను పచ్చబడుతుంది. పచ్చబడ్డ నీళ్లలో అడుగు కనపడదు, అడుగు కనపడని కొలనులో పిల్ల మునిగితే గట్టు మీదున్నవాడికి కూడా కనపడదు. కొలను కట్టడానికి డబ్బు పుడుతుంది. రిబ్బను కత్తిరించే మనిషీ దొరుకుతాడు. మూడో ఏట ప్రాణరక్షకుడి జీతానికే డబ్బుండదు. మెయిన్‌ల్యాండ్‌లో ఎన్ని చిన్న ఊళ్లలో ఎండు కొలనులు చూశాం! పలకలు ఊడి, మధ్యలో తుప్పలు మొలిచి. అందుకే నేననేది, నగరంలో ఒక్కటి పెట్టి దాన్ని బాగా నడపండి. చౌల్దారీ పిల్లలకు బడి వేళల్లో ఉచిత బస్సు వేయండి. పది ఊళ్లకు పది పాడుపడ్డ కొలనుల కంటే ఆరోగ్యంగా ఉన్న ఒక్క కొలను మేలు కాదా?

టీచరు: ఎవరికి మేలు? నగరంలో ఉన్నవాడికి. చౌల్దారీ నుంచి సిప్పీఘాట్, గరాచర్మా దాటి పోర్ట్ బ్లెయిర్ వెళ్లి, బట్టలు మార్చుకుని, ముప్పావుగంట ఈది, తల తుడుచుకుని తిరిగి రావాలంటే సగం పూట పోతుంది. ఈత అనేది ఒకసారి వెళ్లి చూసి వచ్చే మ్యూజియం కాదు. వారానికి మూడు నాలుగు సార్లు నీళ్లలో దిగితే గానీ భయం వదలదు. నాలుగు రోజులు సగం పూట బడి మానిపించి పంపమంటే హెడ్మాస్టరు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. ఇక మీ ఉచిత బస్సు మొదటి ఏడు తిరుగుతుంది, రెండో ఏడు ఎన్నికల డ్యూటీకి పోతుంది. నిర్వహణ తప్పుతుందని కొలనును కొట్టేశారు కదా, బస్సుకు ఆ జబ్బు రాదా?

ఇంజినీరు: వస్తుంది. కానీ పాడైన బస్సులో పిల్ల మునిగిపోదు.

టీచరు: విశాఖపట్నం సంగతి చూడండి. బీచ్ రోడ్డులో ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్ ఉంది, మంచిదే. గాజువాక 2005లో మహా విశాఖలో కలిసింది. కలిసినంత మాత్రాన అక్కడి కార్మికుడి కూతురికి బీచ్ రోడ్డు దగ్గరైందా? పొద్దున్నే ఆరు గంటల బ్యాచ్‌లో ఎవరు ఉంటారో ఊహించడానికి సర్వే అక్కర్లేదు, చుట్టూ మూడు కిలోమీటర్లలో ఉన్నవాళ్లు, బండి ఉన్నవాళ్లు. పేరుకు అందరిదీ. ఇది కొత్తేమీ కాదు. 1923లో బొంబాయి శాసన మండలి ప్రజల సొమ్ముతో కట్టిన చెరువులు, బావులు అందరూ వాడుకోవచ్చని తీర్మానించింది. మహద్‌లో చౌదార్ చెరువు నీళ్లను అంబేడ్కర్, వేలమంది దళితులు నడిచి వెళ్లి తాగింది 1927 మార్చి 20న. తీర్మానానికీ దోసిలికీ మధ్య నాలుగేళ్లు. మా దగ్గర అడ్డం కులం కాదంటారు, సరే, దూరం అనుకుందాం. దూరం కూడా గేటులాగే పనిచేస్తుంది.

ఇంజినీరు: మహద్‌ను ఇక్కడికి తేవడం న్యాయం కాదమ్మా. అక్కడ మనుషుల్ని కావాలని ఆపారు. ఇక్కడ ఎవరూ ఆపట్లేదు.

టీచరు: ఒప్పుకుంటాను, అవమానం ఒకటి కాదు. ఆ పోలిక అంతవరకే. అయినా పెట్టుబడి ఎక్కడ పెట్టాలో ఎవరో ఒకరు కూర్చుని నిర్ణయిస్తున్నారు కదా. మనకు శాసనసభ లేదు. నగరానికి మున్సిపల్ కౌన్సిల్, మాకు పంచాయతీ, కానీ డబ్బు సంచి మాత్రం ఒకటే, అడ్మినిస్ట్రేషన్‌ది. 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. పేరు మారింది గానీ ఏ పనైనా మొదట అక్కడే అన్న అలవాటు మారలేదు.

ఇంజినీరు: సరే, కొలను లేకుండా ఈత నేర్పలేమా? పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చిన మన మత్స్యకారులు ఏ కొలనులో నేర్చుకున్నారు? మా నాన్న తరం పిల్లలు డుంగీ పడవ అంచు పట్టుకుని కాళ్లు కొట్టి నేర్చారు. బంగ్లాదేశ్‌లో చేసిన పని నీకు చెప్పాలి. స్విమ్‌సేఫ్ అని, ఊరి చెరువులోనే వెదురు కర్రలతో చదరంగా ఆవరణ కట్టి, అడుగున వెదురు తడిక పరిచి, ఆ ఊరి యువతీయువకులకే శిక్షణ ఇచ్చి పిల్లలకు నేర్పించారు. పాతిక మీటర్లు ఈదడం, ముప్పై సెకన్లు తేలడం, ఒడ్డు నుంచి కర్ర అందించి తోటివాణ్ణి లాగడం. అంతే సిలబస్. నేర్చుకున్న పిల్లల్లో మునిగి చనిపోవడం బాగా తగ్గింది. మోటారు లేదు, డీజిల్ లేదు, చెన్నై సీలు లేదు. వెదురు మన అడవిలోనూ ఉంది. దీనికి ఏమంటావ్?

టీచరు: బాబాయ్, మీ వాదన మొత్తంలో నాకు నిద్ర పట్టనీయకుండా చేసింది ఇదే. నిజంగా గొప్ప పని. మనకు కుదిరితే నేను కొలను మాటే ఎత్తను. కానీ మన చెరువులు చూడండి. మొదటిది మొసలి. ఉప్పునీటి మొసలికి ఇక్కడ లోహాబారక్‌లో అభయారణ్యమే ఉంది. అది క్రీకు నుంచి వాగు పట్టుకుని లోపలికి వస్తుంది. 2004 డిసెంబరు 26 భూకంపం, సునామీ తర్వాత దక్షిణ అండమాన్ నేల సుమారు మీటరు కుంగింది, సిప్పీఘాట్ పొలాల్లోకి ఎక్కిన ఉప్పునీరు ఇప్పటికీ దిగలేదు. వరి పండిన చోట ఇప్పుడు పోటు వస్తుంది, పోటుతో పాటు మొసళ్లూ వస్తాయి. బీచ్‌లలో టూరిస్టుల కోసం హెచ్చరిక బోర్డులు పెట్టారు. 2010లో హావ్‌లాక్ దీవిలో ఒక విదేశీ యువతిని మొసలి చంపాక ఆ జాగ్రత్త పెరిగింది. మా వాగు గట్టున బోర్డు ఎవరు పెడతారు?

ఇంజినీరు: మొసలికి కంచె వేయొచ్చు. మీ ఊళ్లో పోకతోటల మధ్య తవ్వుకున్న చెరువులు క్రీకుకు దూరమే కదా.

టీచరు: రెండోది కంచె ఆపలేనిది. లెప్టోస్పైరోసిస్. అండమాన్ జ్వరమని, రక్తస్రావపు జ్వరమని 1988 నుంచి జనం పోతుంటే, అది ఎలుకల, పశువుల మూత్రం కలిసిన నీటి నుంచి వచ్చే జబ్బని తర్వాత తేలింది. పోర్ట్ బ్లెయిర్‌లోని ఐసీఎంఆర్ కేంద్రం ఈ జబ్బు మీద పరిశోధనకు ప్రపంచ ఆరోగ్య సంస్థకు సహకార కేంద్రమైందంటే మనకెంత ఉందో చూడండి. కాలి మీద చిన్న గీత చాలు. గొడ్లు దిగే చెరువులో ముప్పై మంది పిల్లల్ని గంటసేపు నిలబెట్టమంటే టీచరుగా నేను సంతకం పెట్టలేను. పిల్లల్ని మునగకుండా కాపాడి జ్వరానికి అప్పజెప్పలేం. అందుకే క్లోరిన్ కలిపిన, అడుగు కనపడే నీళ్లు అడుగుతున్నాను. అది దర్జా కోసం కాదు.

ఇంజినీరు: లెప్టో మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. గొడ్లు దిగని చెరువు ఒకటి ప్రత్యేకంగా తవ్వి, చుట్టూ గోడ కట్టి... అప్పుడు అది కూడా దాదాపు కొలనే అవుతుంది. ఉప్పునీళ్లయితే? ఆస్ట్రేలియాలో సిడ్నీ తీరంలో రాళ్లలోనే కొలనులు చెక్కారు, పోటుకు నిండుతాయి. బ్రాంటీలో 1887 నుంచి ఉంది. మనకు కాలిన్‌పూర్ వైపు తీరం దగ్గరే. మంచినీళ్ల గొడవే ఉండదు.

టీచరు: దాన్ని నేను కాదనను. మంచి ఇంజినీరును పంపి చూపించండి. పగడపు బండను పగలగొట్టకుండా, తీర నిబంధనలు ఒప్పుకునేలా, తుఫాను అలకు నిలిచేలా కట్టగలమంటే మొదట చప్పట్లు కొట్టేది నేనే. కానీ అది మా పిల్లల వయసు దాటేలోగా కాగితం మీంచి దిగుతుందా?

ఇంజినీరు: ఇంకో మాట అడుగుతాను, నొచ్చుకోకు. 2021లో ప్రపంచంలో సుమారు మూడు లక్షల మంది మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో ఒకటి నుంచి నాలుగేళ్ల పసివాళ్లకు ప్రమాదం అన్నిటికంటే ఎక్కువ. వాళ్లకు నీ కొలను పనికిరాదు. వాళ్లకు కావలసింది బావికి మూత, తొట్టికి మూత, అమ్మ తోటలో ఉన్నప్పుడు చూసుకునే అంగన్‌వాడీ. ఉన్న డబ్బు మొదట అక్కడ పెట్టాలి కదా? సునామీ పేరు చెప్పి ఈత అడిగేవాళ్లూ ఉన్నారు. సునామీలో ఈత ఏం కాపాడుతుంది?

టీచరు: సునామీకి ఈత కాదు, కొండెక్కడం. నేల ఊగిందంటే పరుగెత్తమనే నేను పిల్లలకు చెప్తాను. ఆ పేరు మీద కొలను అడిగితే అది మోసం, నేను అడగను. పసివాళ్ల సంగతిలోనూ మీరన్నది సత్యం, బావి మూతలు రేపే వేయించండి. కానీ ఆ సంస్థ నివేదికే అయిదు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల మరణాలకు మునక మూడో పెద్ద కారణమంటోంది. ఆ వయసు పిల్లలు నా బడిలో ఉన్నారు. బడి ఈడు పిల్లలకు ఈత నేర్పమని చెప్పిందీ ఆ సంస్థే. పసివాడి బావి మూతకీ పెద్దపిల్ల ఈతకీ పోటీ పెట్టేది ఎవరు? రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఇలాంటి పోటీ ఎవరూ పెట్టరే!

ఇంకొకటి ఉంది, మీ తరం మగవాళ్లకు తట్టనిది. జంగ్లీఘాట్‌లో డుంగీ అంచు పట్టుకుని నేర్చుకున్నది మగపిల్లలు. మీ అక్కచెల్లెళ్లకు ఈత వచ్చా?

ఇంజినీరు: రాదు. మా అమ్మకూ రాలేదు. చేపలమ్మి మమ్మల్ని పెంచింది, మోకాలి లోతు దాటి సముద్రంలోకి దిగింది లేదు.

టీచరు: అదే. చెరువు, సముద్రం, వాగు అందరివీ అంటాం గానీ అక్కడ చొక్కా విప్పి దూకగలిగేది మగపిల్లవాడే. ఆడపిల్లకు నాలుగు గోడలు, బట్టలు మార్చుకునే గది, నేర్పే ఆడమనిషి, విడిగా ఒక గంట కావాలి. నగరం కొలనులో ఉదయం ఆరింటికి ఆడవాళ్ల బ్యాచ్ పెడితే చౌల్దారీ పిల్ల నాలుగున్నరకు బయల్దేరాలి. ఏ తల్లి పంపుతుంది? ఈత దుస్తులు కొనాలన్న నిబంధన ఒక్కటి చాలు సగం మందిని గేటు బయట ఆపడానికి. ఊళ్లో కొలనైతే సల్వార్ మీద బిగుతు బనియను వేసుకుని దిగనిస్తాను, నా ఇష్టం.

ఇంజినీరు: వదులు బట్టలు ఫిల్టరుకు చెరుపమ్మా.

టీచరు: ఫిల్టరును మరోసారి కడుగుదాం.

ఇంజినీరు: ఒప్పుకున్నాననుకోకు, కానీ ఐస్‌లాండ్ గురించి చదివాను. అదీ దీవే, అదీ చేపల మీద బతికిన జాతే. ఒడ్డు కనపడే దూరంలో ఈత రాక నావికులు పోతుంటే 1940లో బడుల్లో ఈతను తప్పనిసరి చేశారు. ఇప్పుడు చిన్న పల్లెలోనూ కొలనుంది. నీ వాదానికి అంతకంటే మంచి సాక్ష్యం లేదు. కానీ వాళ్లకు భూమిలోంచి వేడినీళ్లు ఉచితంగా ఉబికి వస్తాయి. మనకు ఏప్రిల్‌లో చల్లనీళ్లే రావు. నా షరతు ఒక్కటే. కొలను కట్టినా జనవరి నుంచి ఊరికి నీళ్లు తగ్గిన రోజున దాని వంతు తీసేయాలి. తొట్టి నీళ్లు ఇళ్లకు పోవాలి. ఆ మాట మంజూరు కాగితంలో రాసి ఉండాలి.

టీచరు: రాయండి. మేం ఏడాదికి ఎనిమిది నెలలు నేర్పుకుంటాం, అది చాలు. అదే కాగితంలో ఇంకో వాక్యం కూడా రాయండి. ఆ రోజున దీవిలోని హోటళ్ల కొలనుల్లోకి కూడా ట్యాంకరు వెళ్లకూడదని.

ఇంజినీరు: వాళ్లు వాణిజ్య ధర కట్టి కొనుక్కుంటారు. కొలను లేని హోటల్లో టూరిస్టు దిగడు. గది ఖాళీ అయితే మీ ఊరి నుంచి గదులు ఊడ్చడానికి వెళ్లే అమ్మాయి జీతం పోతుంది.

టీచరు: డబ్బిచ్చి కొనుక్కోగలవాళ్ల మాట వచ్చింది కాబట్టి చెప్తాను. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రం జాక్సన్ నగరంలో నల్లవాళ్లతో కలిసి ఈదమని కోర్టు ఒత్తిడి వస్తే 1963లో మున్సిపల్ కొలనులే మూసేశారు. అందరికీ మూశాం కాబట్టి అన్యాయం లేదన్నారు. 1971లో సుప్రీంకోర్టు అయిదుగురు నలుగురిగా చీలి ఆ నగరానికే సరేనంది. అందరికీ మూసినా తెల్లవాళ్లలో డబ్బున్నవాళ్లు పెరట్లో కట్టుకోగలరు, క్లబ్బులో చేరగలరు. ప్రజల కొలను మూతపడితే నష్టపోయేది ఇంకో చోటు లేనివాళ్లే. కొరత వచ్చిందంటే మొదట ఎండేది మా పిల్లల కొలను, ఆఖరుకి కూడా ఎండనిది డబ్బిచ్చి కొన్న కొలను అయితే అది నీళ్ల లెక్క కాదు బాబాయ్.

ఇంజినీరు: నువ్వన్న వాక్యం రాయగలను. నీళ్లవాడిగా అది సరైనదే. కానీ నలభై ఏళ్లు ఫైళ్లు మోసినవాడిగా చెప్తున్నాను, ఆ వాక్యం ఉంటే ఫైలు కదలదు. తీసేస్తే రెండేళ్లలో కొలను రావొచ్చు. ఉంచమంటావా, తీసేయమంటావా?

టీచరు: తీసేస్తే కొలను వస్తుంది, ప్రతి ఏప్రిల్‌లో ఎండేది మాత్రం అదొక్కటే. నాలుగేళ్లకు అది మీరన్న తుప్పలు మొలిచిన కొలనే అవుతుంది. ఉంచండి.

ఇంజినీరు: ఉంచితే ఈలోగా ఇంకో రెండు మూడు బ్యాచ్‌ల పిల్లలు ఈత రాకుండానే బడి దాటిపోతారు. అందాకా ఆ బస్సైనా అడుగుదామా?

టీచరు: అడుగుదాం. ఆడపిల్లలకు మధ్యాహ్నం వేళ, తోడు ఒక టీచరు, ఆ షరతు మీద. కానీ బస్సు వేశాం కదా అని కొలను ఫైలు మూయకూడదు.

ఇంజినీరు: మూయరని నేను మాటివ్వలేనమ్మా.